మూరెడు మైనపువత్తి

నందికొండ డ్యాం కడుతున్న కాలం. కొండ అవతల గొర్ల మంద వేసుకున్న బీరప్ప పొద్దున్నే క్యాంపు బజారుకు పోయి, కిరస్తానీలు మొక్కే అంతోని పునీతుని బొమ్మ అంటించిన మూరెడు మైనపువత్తి తెచ్చాడు. జేనెడుది చాలని వత్తులమ్మే ఆమె చెప్పినా వినలేదు. ఒక్కగానొక్క బిడ్డ రామమ్మకు ఆగకుండా వాంతులు, విరేచనాలు. చిన్నవత్తి పెట్టడానికి తండ్రి మనసొప్పలేదు.

గాలి సోకితే దించే గోపమ్మ ఆ వత్తి వెలిగించి, పిల్ల చుట్టూ తిప్పి తలాపున నిలబెట్టింది.

"ఇగ ఇది మొత్తం కరిగి ఆరేదాక పిల్లను కదల్చొద్దు. నీళ్లు ముట్టియ్యొద్దు. అయినా గింత పెద్దది ఎందుకురా, పెండ్లి చేస్తున్నవా?"

"బిడ్డ పెండ్లికి ఇంకింత పెద్దది తెస్తనే అత్తా."

అందరూ నవ్వారు. అప్పటికి అందరికీ ధైర్యమే.

"బాపూ, దూపైతాంది," అంది రామమ్మ.

"జర ఆగు బిడ్డా. అయిపోవొచ్చింది."

అయిపోలేదు. గొంగళ్లు అడ్డం కట్టిన గుడిసెలో వత్తి నిమ్మళంగా కాలింది. తల్లి బక్కమ్మ కుండ దగ్గరికి లేచింది. "కొండ దిగితే దవాఖాననే గదా, ఎత్తుకపోదాం," అంది. "నడుమల ఆపితే అంతోనయ్య అలుగుతడు," అని బీరప్ప చెయ్యి అడ్డం పెట్టాడు. పిల్ల మళ్లీ నీళ్లడిగింది. తర్వాత అడగడం మానేసింది. నిద్రపట్టిందనుకున్నారు.

వత్తి ఆరగానే బీరప్ప పిల్లను భుజాన వేసుకుని ఉరికాడు. దవాఖానలో డాక్టరు పిల్ల పొట్టమీది తోలు పట్టి వదిలాడు. మడత మడతలాగే ఉండిపోయింది. సూది గుచ్చుదామంటే నరం దొరకలేదు. కాసేపటికి చెయ్యి తీసేశాడు.

"నీళ్లు తాపుకుంట పొద్దుగాలనే తెస్తే బతికేది," అన్నాడు.

బీరప్ప నేలమీద కూలబడ్డాడు. "నాదే తప్పు సారూ. జేనెడుది తెస్తే జల్ది అయిపోతుండె."

అయ్యలారా, అమ్మలారా, ఇలాంటి గుడిసెలు ఇంకా ఎన్నో ఉన్నాయి. అందుకే ఆ డాక్టరు బీరప్ప పక్కన కూర్చుని అన్న మాట చెబుతున్నాను.

"వత్తి పొడుగుతోని కాలేదు నాయినా. మొక్కుకో, ఎవరొద్దన్నరు? అది కాలుతుండంగనే బిడ్డకు నీళ్లు తాపాలె, దవాఖానకు ఉరకాలె. పసిదాని దూప తీరిస్తే అలిగే దేవుడు యాడా లేడు."