సీతాఫలం పువ్వులో పురుగు

నర్సు ఉద్యోగం చేసీ చేసీ నాకు శుభ్రం పిచ్చి పట్టింది. మా ఇంట్లోకి చీమ కూడా చెప్పులు విప్పి రావాలని మా ఆయన కిరణ్ పాల్ ఏడిపించేవారు. ఆయనకు మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శేరిలింగంపల్లిలో ఈ మూడో అంతస్తు ఫ్లాటు, సీతాఫలాలంటే ప్రాణం. బాల్కనీలో నిలబడి తిని, గింజలన్నీ నా పుదీనా కుండీలోకి ఊసేవారు. దాని మీద మేం పోట్లాడుకోని వారం లేదు.

కోవిడ్ రెండో ఏడు ఆయన ఆసుపత్రికెళ్లి తిరిగి రాలేదు. ఆయన్ని సాగనంపి నేనొక్కదాన్నే ఇంటికొచ్చిన రోజు, డ్యూటీలో చేసినట్టే అన్నీ చేశాను. దుప్పట్లు, దిండు గలీబులు, చొక్కాలు వేడినీళ్లలో ఉడికించాను. ఆయన కప్పుని బ్లీచింగ్‌లో నానబెట్టాను. మర్నాడు ఒక చొక్కా ముఖానికి ఆనించుకుంటే సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. నా చేతులంటే నాకే అసహ్యం వేసింది. ఆ మనిషి వాసన కోసం ఇప్పటికీ అల్మారా తెరుస్తుంటాను.

కొన్నాళ్లకు పుదీనా కుండీలో సీతాఫలం మొక్క లేచింది. ఆయన నోట్లోంచి పడ్డ గింజ. దాన్ని పెద్ద డ్రమ్ములోకి మార్చాను. పోయినేడు పూసింది. మూడేసి రేకుల ఆకుపచ్చని పూలు, తలలు దించుకుని, వచ్చినవి వచ్చినట్టే రాలిపోయాయి. ఈ ఏడూ అంతే. దాని పండు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తినాలని నా కోరిక. చర్చిలో మోకాళ్ల మీద ఇదే అడిగానంటే నవ్వుతారు.

మా అంతస్తు ఊడ్చే పోచమ్మది బాలానగర్ దగ్గర పల్లె, సీతాఫలాల గుట్టల మధ్య పుట్టిన మనిషి. నేను బాల్కనీ కడుగుతుంటే చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది.

"గిట్ల కడిగితే పురుగెట్ల వస్తది మేడం?"

"పురుగు దేనికి పోచమ్మా? తేనెటీగలు రావాలి గానీ."

"ఈ పువ్వుల తేనెటీగకు ఏం పని? నువ్వుగింజంత నల్ల పురుగుంటది. కుళ్లిన పండు వాసనకొచ్చి రేకుల నడుమ దూరి ఆడ్నే పండుకుంటది. మా గుట్టల మీద రాలిన పండ్లు మురుగుతనే ఉంటయి, గందుకే చెట్టు నిండ కాయ. మీరేమో దినాం ఫినాయిల్ పోస్తరు."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"జర కడుగుడు బంద్ చెయ్యుండ్రి. మామిడి తొక్కలు, టెంకలు డ్రమ్ముల ఏసి ఇడిసిపెట్టుండ్రి."

మూడో రోజుకే ఆ కంపు హాల్లోకి వచ్చింది. ఫినాయిల్ సీసా పట్టుకుని బాల్కనీ తలుపు దాకా రెండుసార్లు వెళ్లి, పళ్లు బిగించి వెనక్కొచ్చాను. పక్క ఫ్లాటు నీహారిక వాట్సాప్ గ్రూపులో ఫిర్యాదు పెట్టింది. ఎనిమిదో రోజు పొద్దున అసోసియేషన్ వాళ్లు పంపారంటూ పెస్ట్ కంట్రోల్ యశ్వంత్ వీపున డబ్బాతో దిగాడు.

"బాల్కనీలో పురుగులున్నాయంట మేడం. రెండు నిమిషాలు, స్ప్రే కొట్టేసి పోతా."

"ఉన్నాయేమో చూసొస్తాను, ఆగండి."

ఫోర్సెప్స్‌తో ఒక పువ్వు రేకు మెల్లగా పక్కకు జరిపాను. లోపల రెండు నల్ల పురుగులు, వీపుల మీద పుప్పొడి. హాయిగా పడుకుని ఉన్నాయి. ఆ మురికి నేల మీదే కూలబడి ఏడ్చాను.

"భయపడకండి మేడం, ఇప్పుడే చంపేస్తా," అన్నాడు యశ్వంత్.

"వాటి జోలికి రాకండి. మా ఆయన తరఫు చుట్టాలు."

పాపం, నాకు మతి పోయిందనుకుని వీపున డబ్బా సర్దుకుని వెళ్లిపోయాడు.

అక్టోబరులో ఒకే ఒక్క కాయ పండింది. బాల్కనీలో ఆయన నిలబడే చోట నిలబడి తిన్నాను. వేళ్ల మధ్య నుంచి రసం కారుతున్నా చేతులు కడుక్కోలేదు. గింజలన్నీ ఒక్కొక్కటే పుదీనా కుండీలోకి ఊశాను. వద్దని పోట్లాడటానికి ఎవరూ లేరు.