ఎల్లమాస నాడు మూసిన దుకాణం

సంచి మా ఇంట్లో సర్దాను. ప్రయాణం మాత్రం పక్కింటి కోడలిది.

సర్దడానికి పదకొండు రోజులు పట్టింది. సింధుజ రోజుకొక బట్ట ఉతికి, మా రెండిళ్ల నడుమ గోడ మీద ఆరేసేది. నేను నా బట్టలతో పాటు దాన్ని కూడా తీసుకుని లోపలికి పోయేదాన్ని. ఒకనాడు చున్నీ, ఒకనాడు స్వెట్టరు. ఆమె అత్త వెంకటమ్మ గుమ్మంలో కూర్చుని కందులు చెరుగుతూ ఉండేది గాని, బట్టలు లెక్కపెట్టే మనిషి కాదు. కోడలు గేటు దాకా నడిస్తే మాత్రం, "ఇంట్ల అన్నీ ఉన్నయి గద, బయట నీకేం పని?" అనేది. మూడేళ్లుగా అదే మాట. తల్లి లేని పిల్ల. అన్నకు ఫోన్ చేసి చెప్పుకుంటే, సర్దుకుపొమ్మన్నాడట.

ఇంట్లోనే కూర్చుని చేసే ఉద్యోగం ఒకటి ఆమెకు ఉండేది. షిప్పుల్లో విహారానికి పోయేవాళ్ల కోసం హైదరాబాదులో ఒక కంపెనీ పుస్తకాలు వేస్తుంది. షిప్పు ఆగే చిన్న చిన్న రేవుల్లో ఏ దుకాణం ఎన్నింటికి తెరుస్తారో, ఎన్నింటికి మూస్తారో వాటిలో ఉంటుంది. ఆ దుకాణాలకు ఫోన్ చేసి, అడిగి రాయడం సింధుజ పని. జీతం ఆమె భర్త శ్రీహరి ఖాతాలో పడేది. అందుకే ఆ ఒక్కటీ మాన్పించలేదు.

ఇంట్లో సిగ్నల్ రాదని గోడ పక్కన కుర్చీ వేసుకుని మాట్లాడేది. నేను ఇటు పక్క కూర్చుని పేపరు చదువుకుంటూ వినేదాన్ని. నేను బడికి పోలేదు. పొట్లాల కాగితాలు, బస్సు బోర్డులు కూడబలుక్కుని నా అంతట నేను నేర్చుకున్న చదువు నాది. ఆ రేవుల పేర్లకు నా నోరు తిరగదు. టైములు మాత్రం వచ్చేశాయి.

"ఈ ఊర్ల షిప్పొచ్చిన దినం తొమ్మిదింటికెల్లి నాలుగింటి దాంక తెరుస్తరంట అవ్వ. షిప్పు రాకుంటె బందే," అంది ఒకనాడు.

"మరి గా ఊరోళ్లు ఉప్పు ఎప్పుడు కొనుక్కుంటరే?"

"గది అడగమని కంపెనీ చెప్పలే."

"నేను చెప్తున్న గద, అడుగు."

నవ్వుకుంటూ నిజంగానే మళ్లీ ఫోన్ చేసి ఇంగ్లీషులో అడిగింది. అవతలి ముసలాయన చాలాసేపు నవ్వాడు. "వెనక తలుపు కొడ్తరంట అవ్వ," అంది. ఆ పిల్ల నవ్వగా నేను చూసింది ఆ ఫోన్ల దగ్గరే.

డిసెంబరులో కంపెనీ వాళ్లు ఆమెకు షిప్పులోనే ఉద్యోగం ఇస్తామన్నారు. ప్రయాణికులకు దుకాణాల వేళలు చెప్పే బల్ల దగ్గర కూర్చోవాలి. ముప్పయ్యో తారీకు పన్నెండు గంటల లోపల పాస్‌పోర్టు, డిగ్రీ కాగితాలు పట్టుకుని ఆఫీసుకు రావాలి. రాకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆ రోజు ఎల్లమాస. మా తాండూరు వైపు, కన్నడ ఊళ్ల పక్కన, ఆ అమావాస్య నాడు ఇంటిల్లిపాదీ చేనుకు పోతారు. జొన్నచేలో పూజ చేసి, సజ్జరొట్టెలు, బజ్జికూర అక్కడే తిని పొద్దుగూకాక వస్తారు. సింధుజ నల్లగొండ వైపు పిల్ల. వాళ్లకు ఈ పండుగ లేదు.

"ముట్టయిందని చెప్త అవ్వ. ముట్టున్నదాన్ని చేనుకు తీస్కపోరు గద. అందరు బంట్వారం చేనుకు పోతరు, నేను రైలు బండెక్కుత."

"అమాస నాడు పైనం పెట్టుకుంటరా బిడ్డ?"

"షిప్పుకు అమాసేం ఎరుక?"

ఆమెకు నవ్వులాటగానే ఉంది. నాకు కాదు. అమావాస్య నాడు నేను సాగనంపిన వాళ్లెవరూ మళ్లీ నా గడప తొక్కలేదు. నా పెనిమిటి బీరప్ప అమావాస్య నాడే బొంబాయి బండెక్కాడు. చెల్లెలు రుక్కమ్మను అమావాస్య నాడే ఆసుపత్రికి పంపాను.

ఆదివారం అత్త స్నానానికి పోయినప్పుడు సింధుజ పెట్టెలోంచి ఆ కాగితాల కవరు తీసి గోడ మీదుగా ఇచ్చింది. "రెండు సెట్లు జిరాక్స్ తియ్యించుకరా అవ్వ." నేను స్టేషన్ రోడ్డులో మొగులప్ప దుకాణానికి పోయాను.

"మస్తు మంది ఉన్నరవ్వ, జర కూసో. రేపు ఎల్లమాస, దుకాణం తెరువ," అన్నాడు మొగులప్ప.

"ఉండనీ నాయన. ఎల్లుండి తీస్కపోత," అన్నాను, కవరు అక్కడే వదిలి వచ్చాను.

తెలిసే అన్నాను. ఇంటికి వచ్చి సింధుజతో, "కరెంటు లేదు బిడ్డ, రేపు పొద్దుగాల ఏడింటికి ఇస్తడంట," అని అబద్ధం చెప్పాను. ఒక్క అమావాస్య దాటితే చాలనుకున్నాను. ఆ ఒక్క రోజు దాటితే ఆమెకు మిగిలేది ఏమిటో ఆలోచించలేదు.

సోమవారం తెల్లవారగానే వాళ్లు రొట్టెల గంపలతో ఆటో ఎక్కారు. "చంద్రవ్వ, మా కోడలిని జర చూస్తుండు," అంది వెంకటమ్మ. శ్రీహరి గేటుకు బయటి నుంచి తాళం వేసి, తాళంచెవి నా చేతిలో పెట్టాడు. "నీళ్ల బండొస్తె తెరువు," అన్నాడు.

ఆటో మలుపు తిరిగాక తాళం తీశాను. సింధుజ తయారై గుమ్మంలోనే నిలబడి ఉంది. సంచి నేనే పట్టుకున్నాను.

స్టేషన్ రోడ్డులో షట్టర్లన్నీ దించి ఉన్నాయి. మొగులప్ప దుకాణం ముందు ఆమె ఆగి, బోర్డు రెండుసార్లు చదివింది.

"ఏడింటికే అని రాసి ఉంది గద అవ్వ," అంది.

ఏడున్నర అయింది. హైదరాబాదు బండి ఎనిమిదిన్నరకు. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. నా చేతిలోంచి సంచి తీసుకుంది.

"పా అవ్వ, ఇంటికి పోదాం. నువ్వు తాళమేస్కుందువు గని," అని వెనక్కి నడవడం మొదలుపెట్టింది.

ఆ నడక చూడలేకపోయాను. అలవాటైన పశువు కొట్టం వైపు తిరిగినట్టు తిరిగింది.

"ఈయాల తెరువడని నాకు నిన్ననే ఎరుక బిడ్డ," అన్నాను. "కరెంటు ఉండె. నేనే ఇడిసిపెట్టి వచ్చిన."

ఆమె ఆగింది. "ఎందుకు?"

"అమాస గదనె. పోయినోళ్లెవరు వస్తలేరు."

నా ముఖంలోకి చూసింది. "మా అత్త గేటు కాడ కూసుంటది. నువ్వు గోడ కాడ కూసుంటివి. గంతే గద అవ్వ ఫరకు," అంది.

ఆమె మళ్లీ షట్టరు దగ్గరికి పోయి, దాని మీద రాసి ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. రోజూ రేవు ఊళ్లవాళ్లతో మాట్లాడే గొంతుతోనే అడిగింది.

"అన్నా, దుకాణం ఎన్నింటికి తెరుస్తరు?"

"ఈయాల బందమ్మా, ఎల్లమాస," అన్న మాట నాకూ వినపడింది. ఫోన్ లాక్కున్నాను.

"మొగులప్ప, నేను చంద్రవ్వను. ఎక్కడున్నవు?"

"బండి మీద, చేనుకు. ఊరు దాటిన."

"వాపస్ రా నాయన. పిల్ల బతుకు నీ దుకాణంల ఉన్నది."

"ఎల్లుండి అన్నది నువ్వే గద ముసల్దాన."

"నేనే అన్న. నన్ను తిట్టు, గని రా."

ఎనిమిది దాటాక వచ్చాడు. వెనక సీటులో భార్య, ఆమె ఒళ్లో గంప. "పూజకాలస్యమైతె ఆ పాపం నీదే అవ్వ," అందామె. మొగులప్ప షట్టరు మోకాలెత్తు లేపి, పాక్కుంటూ లోపలికి పోయి కవరు తెచ్చాడు. "జిరాక్స్ తియ్యాల్నా?" అన్నాడు. "అసలియి చాలన్నా," అని సింధుజ అప్పటికే నడుస్తోంది. ఆమె వెనక నేను పరుగెత్తలేక పరుగెత్తాను.

బండి కదిలే ముందు కిటికీ దగ్గర నిలబడ్డాను.

"పోతున్న అవ్వ."

"పోతున్న అనొద్దు బిడ్డ. పోయొస్త అనాలె."

ఆమె కవరును గుండెకు అదుముకుని నన్ను చూసింది. "పోతున్న," అంది మళ్లీ.

గంటకు ఫోన్ చేసి, వికారాబాద్ దాటానంది. ఆ తర్వాత ఆ నంబరు పలకలేదు. నేను వాళ్ల గేటుకు తాళం వేసి, ఖాళీ ఇంటికి కాపలాగా పొద్దుగూకే దాకా గోడ పక్కనే కూర్చున్నాను. నీళ్ల బండి వచ్చిపోయింది.

వాళ్లు చేను నుంచి వచ్చి ఇల్లంతా వెతికాక వెంకటమ్మ నా మీదికి వచ్చింది. "నిన్ను చూస్తుండమంటి గద."

"చూసిన," అన్నాను. "బండి కానరాకుంట పోయే దాంక చూసిన."

సింధుజ మళ్లీ తాండూరు రాలేదు. ఆమె పోయింది రెండు వేల ఇరవై నాలుగు డిసెంబరు ముప్పై, సోమవారం, పొద్దున ఎనిమిదిన్నరకు.