గదిలో తొంభై ఒక్క గుర్రాలు

పరీక్ష గదిలో పదకొండేళ్లుగా పనిచేస్తున్న ఆవిడను కంపెనీలో అందరూ డ్రమ్మక్క అనేవారు. నేలలో పాతిన పెద్ద ఇనుప డ్రమ్ము మీద మోటార్ సైకిల్ వెనక చక్రం ఆనించి, బండిని నాలుగు పట్టీలతో నేలకు కట్టేసి, దానిమీద కూర్చుని యాక్సిలరేటర్ ఆసాంతం తిప్పడం ఆవిడ ఉద్యోగం. చక్రం డ్రమ్మును తిప్పుతుంది. డ్రమ్ము ఎంత త్వరగా ఊపందుకుందో చూసి కంప్యూటర్ ఇంజను బలాన్ని గీతగా గీస్తుంది. బండి నూట ఎనభై మీద పరిగెడుతుంది గాని అంగుళం కదలదు.

ఆ గదికి కిటికీ లేదు. చప్పుడు బయటికి పోకుండా గోడలన్నీ స్పాంజితో కప్పారు. తలుపు జానెడు మందం. డ్రమ్ము తిరుగుతున్నంతసేపూ ఆ తలుపు గడియ తనంతట తానే పడి ఉంటుంది, డ్రమ్ము ఆగిందని కంప్యూటర్ ఒప్పుకుంటేనే తెరుచుకుంటుంది. లోపలినుంచి చేత్తో తీసే ఏర్పాటు కావాలని డ్రమ్మక్క రెండుసార్లు రాసిచ్చింది. "చూద్దాం" అన్నారు. తనను రోడ్డు మీద బండ్లు నడిపి చూసే జట్టులోకి మార్చమని మూడుసార్లు అడిగింది. "నీలా లెక్క తీసేవాళ్లు ఇంకొకరు లేరమ్మా" అన్నారు. పని బాగా చేయడమే తన కాళ్లకు బంధమవుతుందని చేరిన రోజున ఆవిడ అనుకోలేదు.

ఇంట్లో గడియారాలు బాగుచేసే భర్త ఏడిపించేవాడు. "ఊళ్లన్నీ తిరిగొచ్చి అలిసిపోయానంటే అర్థముంది. కూర్చున్నచోటే కూర్చుని అలుపేమిటే?"

"నువ్వు మాత్రం? ఊళ్లో అందరి గంటలూ నడిపిస్తావు, కుర్చీలోంచి కదలవు" అనేది ఆవిడ.

ఆ ఏడు కంపెనీ కొత్త బండి తెచ్చింది. కొండదారులూ రాళ్లబాటలూ ఎక్కడానికి చేసిన పొడుగుకాళ్ల అడ్వెంచర్ బండి. రెండు సిలిండర్లు, బరువు రెండు వందల ముప్ఫై కిలోలు, ప్రకటనలో నూట ఐదు గుర్రాల బలం. విడుదలకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం భోజనాల వేళ, ప్రచార విభాగం అధికారి పరీక్ష గదికి వచ్చాడు. భారీ మనిషి. నోరు మూతపడదు కనుక అతనికి మైకు సారు అని పేరు.

"కంప్యూటర్ మీద వంద దాటినట్టు ఒక్క ఫొటో కావాలమ్మా" అన్నాడు.

"నూట ఐదు ఇంజను దగ్గర సార్. గేర్లు తినేది, చైను తినేది పోగా చక్రానికి చేరేది తొంభై ఒకటి. రోజూ అదే వస్తోంది."

"ఈసారి ఇంకాస్త గట్టిగా తిప్పు."

"గట్టిగా తిప్పితే పెరగడానికి ఇదేమన్నా కుళాయా?"

అతను నవ్వేశాడు. బండి చుట్టూ తిరిగి, సైలెన్సరుకు తగిలించిన లావుపాటి గొట్టం చూసి ముఖం చిట్లించాడు. పొగను బయటికి లాగే గొట్టం అది. "ఇది ఫొటోలో ఏనుగు తొండంలా ఉంది. కాస్త పక్కకి జరపొచ్చుగా?"

"బిగింపు వదులవుతుంది, వద్దు సార్" అంది ఆవిడ. అతను వినలేదు. మర సగం విప్పి, గొట్టాన్ని తనే అటు తిప్పాడు. ఆవిడ చూసింది. భోజనానికి ఆలస్యమవుతోంది, ఒక్క పరుగేగా అనుకుని ఊరుకుంది.

తలుపు మూసి, అతన్ని ఓ మూల నిలబెట్టి, చెవులకు మూతలు పెట్టుకుని, ఆవిడ బండి ఎక్కి తిప్పింది. ఆరు వేల చుట్లు దాటి ఇంజను అరుపు అందుకునేసరికి గొట్టం ఊడి కింద పడింది. కాలిపోతున్న దాని ఇనుప మూతి సరిగ్గా నేలమీది తీగల కట్టమీద పడింది. పటపటమని నిప్పులు లేచాయి. పొగ లాగే ఫ్యాను ఆగింది, గదిలోని తీగ ఫోను పోయింది. ఆవిడ ఇంజను కట్టేసి, బ్రేకు వేసి డ్రమ్మును ఆపి, మంటమీద పొడి చల్లేలోగా గది మసకబారింది.

తలుపు తెరుచుకోలేదు. డ్రమ్ము వేగం చెప్పే తీగ కాలిపోయింది. ఆగిన డ్రమ్ము ఇంకా నూట నలభై మీద తిరుగుతోందనే కంప్యూటర్ నమ్మకం.

మైకు సారు తలుపు బాదాడు. అరిచాడు. స్పాంజి గోడలు అతని అరుపును మింగేశాయి. జేబులో ఫోను తీసి చూస్తే సిగ్నల్ ఒక్క గీత కూడా లేదు.

"ఎవరైనా వస్తారు కదా?"

"భోజనాలయ్యాక. ఇంకో ముప్పావుగంట."

"అంతేనా? కూర్చుందాం మరి."

ఆవిడ గోడమీది చిన్న మీటరు చూపించింది. గాలిలో విషపు పొగ ఎంతుందో చెప్పే మీటరది. ముప్ఫై ఐదు దాటితే గది ఖాళీ చేయమని దాని పక్కనే రాసి ఉంది. అది పదమూడు వందలు చూపిస్తోంది. ఆవిడకు అప్పటికే కణతలు కొట్టుకుంటున్నాయి.

అతను నేలమీద కూలబడ్డాడు. చొక్కా గుండీలు విప్పుకుంటూ, "పదకొండేళ్లు ఇందులో ఎలా ఉన్నావమ్మా?" అన్నాడు. ఆ మాట ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. తనను తాను కూడా ప్రశ్నించుకోలేదు. ఇప్పుడు దానికి సమయం కాదని ఆవిడ తలుపు వైపు తిరిగింది.

తలుపు లోపలికి తెరుచుకునేది. దానికి లావుపాటి ఇనుప పిడి ఉంది. గడియ దిగే రేకును చట్రానికి నాలుగు చిన్న మరలే పట్టుకుని ఉన్నాయని, ఫిర్యాదు రాసిన రోజున ఆవిడ దగ్గరగా చూసింది.

"బండితో లాగుదాం" అంది. "ఇంజను మళ్లీ వేస్తే మీటరు ఇంకా ఎక్కుతుంది. ఒక్క నిమిషానికి మించి నడపకూడదు. పట్టండి సార్."

ఇద్దరూ పట్టీలు విప్పారు. బండిని డ్రమ్ము మీదినుంచి దింపి, వెనక చక్రం కింద రబ్బరు చాప వేశారు. పట్టీని రెండు పేటలు చేసి, బండి వెనక ఇనుప చట్రానికీ తలుపు పిడికీ కట్టారు.

"నూరు గుర్రాలు! ఒక్క దెబ్బకి ఊడొస్తుంది, పూర్తిగా తిప్పెయ్" అన్నాడతను దగ్గుతూ.

"గుర్రాలు పరుగుకి సార్. లాగడానికి కావలసింది టార్క్. బిగుసుకున్న నట్టు విప్పేటప్పుడు పానా మీద మణికట్టు చూపించే బలం. పూర్తిగా తిప్పితే చక్రం జారి తిరుగుతుంది, పొగ తప్ప ఏం రాదు. మీరు ఎక్కి వెనక కూర్చోండి."

"నేనా? ఎందుకు?"

"చక్రం జారకుండా బరువు కావాలి. మీరెంత?"

"తొంభై... తొంభై ఎనిమిది."

"మంచిది. ఎప్పుడూ తగ్గకండి."

మొదటి గేరు వేసి, పట్టీ బిగుసుకునేదాకా మెల్లగా కదిలించి, క్లచ్ వదిలింది. తలుపు కిర్రుమంది. మూడు వేల చుట్ల దగ్గర ఇంజను వణికి టక్కున ఆగిపోయింది. ఆవిడ పళ్లు కొరికింది. ఈ బండి గీతలో మూడు వేల దగ్గర టార్క్ గుంటలా పడిపోతుంది. తను నివేదికలో రాసింది కూడా. కంగారులో చెయ్యి ఆ గుంటలోకే పోయింది. మీటరు పదహారు వందలకు ఎక్కింది. వెనక మైకు సారు ఏదో గొణుగుతున్నాడు. వింటే అవి అతని పిల్లల పేర్లు.

రెండోసారి ఆవిడ కళ్లు మూసుకుంది. ఈ ఇంజను చప్పుడు తనకు చూడకుండానే తెలుసు. నాలుగున్నర వేల దగ్గర గొంతు బొంగురుపోయి నిండుగా మోగుతుంది, టార్క్ అక్కడే బలిసి ఉంటుంది. ఆ మోత వచ్చేదాకా తిప్పి, అక్కడే నిలిపి, క్లచ్‌ను వెంట్రుకవాసి చొప్పున వదిలింది. క్లచ్ కాలిన వాసన వచ్చింది. పట్టీ వీణతీగలా బిగిసింది. చక్రం జారలేదు. ఒక మర, ఇంకొక మర, తరువాత రేకంతా ఊడివచ్చింది.

బండి ముందుకు దూకి స్పాంజి గోడను గుద్దుకుని పక్కకు ఒరిగింది. ఆవిడ ఎడమ కాలు దానికింద పడింది. ఇంజను ఆగింది. తలుపు మూరెడు తెరుచుకుని ఉంది.

మైకు సారు పాక్కుంటూ బయటికి పోయాడు. ఆవిడ పడుకునే ఉంది. కాలు లాగితే ప్రాణం పోయినట్టుంది. తలుపు సందులోంచి చల్లటి గాలి నేలవెంట వచ్చి చెంపకు తగిలింది. అతని అడుగుల చప్పుడు దూరమైపోయింది. వెళ్లిపోయాడు, ఇక రాడు అనుకుంది. గాలి ఉంది, తలుపు తెరిచి ఉంది, అయినా తను ఆ గదిలోనే, ఆ బండికిందే. అప్పుడు ఏడ్చింది.

అతను కాపలా మనుషులిద్దరిని వెంటబెట్టుకుని వచ్చాడు. బండిని ముందుగా ఎత్తింది అతనే.

విచారణ పది రోజులకు జరిగింది. ఆపరేటర్ అజాగ్రత్త అని కాగితం ముందే సిద్ధం చేసి ఉంచారు. కాలికి కట్టుతో వచ్చిన ఆవిడ, "గొట్టం జరపొద్దని చెప్పాను. జరిపాక మాత్రం పరీక్ష ఆపలేదు. అంతవరకు తప్పు నాది" అంది. ఎవరు జరిపారని అడిగారు. ఆవిడ నోరు విప్పేలోగా మైకు సారు లేచాడు. జీవితంలో అతను మాట్లాడిన అతి పొట్టి మాట అదే అయి ఉంటుంది. "నేనే."

కాలు అతికాక తిరిగి పనిలోకి వెళ్లిన రోజున ఆవిడ గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. తలుపు చట్రానికి కొత్త రేకు బిగించి ఉంది, ఈసారి ఎనిమిది మరలతో. గడియ మాత్రం పాతదే.

"లోపలినుంచి చేత్తో తీసే పిడి పెట్టేదాకా అడుగు పెట్టను" అంది మేనేజరుతో.

"రెండు నెలలు పడుతుందమ్మా."

"అయితే రెండు నెలలూ ఇక్కడే కూర్చుంటాను."

తలుపు ఎదుట స్టూలు వేసుకుని కూర్చుంది. పరీక్షించాల్సిన బండ్లు వసారాలో వరసకట్టాయి. దారిన పోయేవాళ్లు, "ఏం డ్రమ్మక్కా, అలకా?" అన్నారు. "అలకే" అంది. తొమ్మిదో రోజున మరమ్మతు మనుషులు పిడి తెచ్చి బిగించారు. ఆవిడ లోపలికి వెళ్లి తలుపుకు గడియ వేయించుకుంది. పిడి తిప్పి బయటికి వచ్చింది. మళ్లీ వెళ్లింది, మళ్లీ వచ్చింది. చూసేవాళ్లు విసిగి పోయేదాకా, అరచెయ్యి ఎర్రబడేదాకా అదే పని చేసింది.

ఆ తరువాత వరసలో మొదటి బండిని లోపలికి తోయించి, పట్టీలు తనే బిగించడం మొదలుపెట్టింది. రోడ్డు జట్టు కోసం నాలుగోసారి రాసిన అర్జీ మేనేజరు బల్లమీద ఉంది. చూద్దామన్నాడు.