దులపని గుడారం

పొద్దున్నే బండి కిందికి దూరితే తప్ప ఆ డ్రైవరుకు రోజు మొదలైనట్టు ఉండదు. స్ప్రింగు పట్టీలు తట్టి చూస్తాడు, చక్రాల బోల్టులు బిగిస్తాడు, నీళ్ళ క్యాన్లు నింపి తాళ్ళతో కడతాడు. దారి అన్నదే లేని చోటికి మనుషుల్ని జీపులో తీసుకెళ్ళి, గుడారాల్లో పడుకోబెట్టి, ఒళ్ళు హూనమైనా మొహాలు వెలిగిపోతుండగా ఇళ్ళకు చేర్చడం అతని పని.

ఆ పనిలో ఉన్నవాళ్ళందరికీ ఒక అలవాటుంది. గుడారం పీకాక నాలుగు మూలలూ పట్టుకుని గట్టిగా దులిపి మరీ మడుస్తారు. ఇసుక కోసం కాదు. గుడారంలో మాట్లాడుకున్న మాటలు బట్టకు పట్టుకుంటాయి. దులపకుండా మడిస్తే, మళ్ళీ వేసినప్పుడు ఎండకు వెచ్చబడి ఒక్కొక్కటే ఊడి వినబడతాయి. ఒక్కసారి వినబడి పోతాయి. అదీ తలకిందులుగా. పెట్టెలో ఆఖరున పెట్టిన చీరే ముందు చేతికొచ్చినట్టు, ఆఖరున అన్న మాట ముందొస్తుంది. నిన్నటివాళ్ళ సంసారం ఇవాళ్టివాళ్ళు వినడం ఏం మర్యాద? అందుకని దులుపుతారు.

అతని జీపులో వెనక సీటు కింద మాత్రం దులపని గుడారం ఒకటి ఉంది.

అది అతనూ భార్యా పడుకునేది. ఆవిడ కూడా వచ్చి వంట చేసేది, బండి దిగబడితే అతనికంటే ముందు పార పట్టేది. వాళ్ళ ఆఖరి ప్రయాణంలో తెల్లవారుతుండగా వానొచ్చి గుడారం కారింది. ఆవిడే అతన్ని లేపింది. అప్పటికే ఆవిడ ఒళ్ళు జ్వరంతో కాలిపోతోంది. తడి గుడారాన్ని చుట్ట చుట్టి బండిలో పడేసి ఆస్పత్రికి తీసుకుపోయాడు. దారిలోనే ఆవిడకు మాట పోయింది. ఆ తర్వాత మనిషే పోయింది.

అంతకుముందు రాత్రి, దీపం ఆర్పాక, "ఇదిగో, మీతో ఒక మాట చెప్పాలి" అంది ఆవిడ. అంతవరకే అతను విన్నాడు. తర్వాత నిద్రపోయాడు. ఆవిడ చెప్పే ఉంటుంది. చెబితే అది గుడారంలోనే ఉంటుంది. విప్పితే ఒక్కసారి వినబడి అదీ పోతుంది.

"విప్పుదాం బావా," అనేవాడు ఆవిడ తమ్ముడు. మెకానిక్కు. జీపు బాగోగులన్నీ అతనివే. "మా అక్క గొంతు విని ఎంతకాలమైందో."

"విప్పితే అయిపోతుందిరా."

"విప్పకపోతే మాత్రం ఏం మిగిలింది? గుడ్డ మూట."

"మాట మిగిలింది."

"అసలు నిద్రపోవడమేమిటి బావా! నీదీ ఒక నిద్రేనా? పక్కన బాంబు పడ్డా లేవవు," అని నవ్వించబోయి, బావమరిదే ముందు కళ్ళు తుడుచుకునేవాడు.

ఒకసారి అతని జీపులో వచ్చినవాళ్ళు కళ్ళజోళ్ళ షాపాయన, ఆయన భార్య. దీపమన్నది కనబడని చోట పడుకుని చుక్కలు చూడాలని ఆవిడకు ఎన్నాళ్ళ నుంచో కోరిక. మొదటి రాత్రి చూసింది కూడా. "మా షాపులో ఏ అద్దం పెట్టినా ఇన్ని కనబడవే," అన్నాడు ఆయన. మర్నాడు పొద్దున గాలికి వాళ్ళ గుడారం నిలువునా చిరిగిపోయింది. మధ్యాహ్నం ఎండిపోయిన ఏరు దాటుతుంటే జీపు ఇరుసుదాకా ఇసుకలో దిగబడింది. డ్రైవరు టైర్లలో గాలి తగ్గించాడు, చక్రాల కింద చెక్కలు పెట్టాడు. చక్రం తిప్పినకొద్దీ ఇంకా కూరుకుపోయింది.

ఎండ నడినెత్తిన ఉంది. షాపాయన భార్యకు వాంతులయ్యాయి, మాట తడబడింది. జీపు రేకు పెనంలా కాలుతోంది. గట్టంతా బండరాయి, మేకు దిగదు.

"డ్రైవరుగారూ, ఏదైనా కప్పండి. గుడ్డముక్కైనా సరే," అన్నాడు షాపాయన.

డ్రైవరు వెనక సీటు కిందికి చూసి తల తిప్పుకున్నాడు. చిరిగిన గుడారాన్ని పట్టుకుని అటూ ఇటూ లాగాడు. అది మనిషిని కప్పదు. ఆవిడ పెదాలు పొక్కిపోయి ఉన్నాయి. ఇంక ఆగలేక మూట బయటికి లాగాడు. ముడి బిగుసుకుపోతే పళ్ళతో విప్పాడు.

ఇసుకలోనే గుడారం వేశాడు. ఆ ఏట్లో నీళ్ళు చూశామని చెప్పేవాళ్ళు ఎవరూ మిగల్లేదు, అందుకే భయమనిపించలేదు. బట్ట వెచ్చబడి మాట ఊడడానికి కొంతసేపు పడుతుంది. ఆ కాసేపు కూర్చుంటే వినొచ్చు. కానీ కొండ అవతలి ఊరి నుంచి ట్రాక్టరు తేవాలి. ఆలస్యమైతే ఆవిడ దక్కేటట్టు లేదు.

"లోపల మా ఆవిడ మాట్లాడుతుంది," అన్నాడు షాపాయనతో. "వెనక నుంచి ముందుకొస్తాయి మాటలు. ఏమందో కాస్త గుర్తుపెట్టుకోండి. మీకు దణ్ణం పెడతా, నిద్రపోకండి."

"అలాగే. ఒక్క ముక్క పోనివ్వను," అన్నాడాయన.

కొండ మలుపు తిరిగేదాకా డ్రైవరు వెనక్కి చూస్తూనే నడిచాడు. దుఃఖం ఆగలేదు.

ట్రాక్టరాయనను వెంటబెట్టుకుని వస్తుంటే ముందు హోరు వినబడింది. ఎక్కడో పై కొండల్లో వాన కురిసినట్టుంది, ఇక్కడ ఒక్క మబ్బు లేదు. ఏరు రెండు గట్లూ ఒరుసుకుని బురదగా పారుతోంది. జీపు లేదు. గుడారం లేదు. తన చేతులతోనే వాళ్ళను అక్కడ పడుకోబెట్టాడు.

"డ్రైవరుగారూ!"

ఇవతలి గట్టు మీద, ముళ్ళపొద పక్కన ఇద్దరూ ఉన్నారు. ఆయన చొక్కా తడిపి ఆవిడ తల మీద కప్పాడు. ఆవిడ కళ్ళు తెరిచే ఉంది.

"మీ ఆవిడే లేపింది," అన్నాడు షాపాయన వగరుస్తూ. "తప్పయిపోయింది, కళ్ళు మూతపడ్డాయి. 'ఇదిగో, లేవండి, నీళ్ళొస్తున్నాయి' అంది. ఇంట్లో కుళాయి వచ్చినప్పుడు మా ఆవిడ నన్ను రోజూ అలాగే లేపుతుంది. దిగ్గున లేచి బిందె కోసం వెతుక్కుంటూ బయటికొచ్చాను. వచ్చి చూస్తే నిజంగానే వస్తున్నాయి! ఈవిణ్ణి భుజాన వేసుకుని ఎలా ఎక్కానో నాకే తెలియదు."

ఆ మాట డ్రైవరుకు తెలిసిందే. గుడారం కారిన రోజున తనను లేపిన మాట. ఆఖరిది కాబట్టి ముందొచ్చింది. దాని వెనకవి ఏట్లో పోయాయి.

"ఇంకేం అనలేదా?" అన్నాడు.

షాపాయన భార్య నెమ్మదిగా పలికింది. "అంది. ఈయన బిందె వెతుక్కుంటున్నప్పుడు నేను లోపలే ఉన్నాను. 'నిద్రపోయారా? సరేలెండి, పొద్దున చెప్తాను' అంది."

డ్రైవరు అక్కడే కూలబడ్డాడు. ఆ పొద్దున వాన, జ్వరం, ఆస్పత్రి. చెప్పనేలేదు. ఇన్నాళ్ళూ ఎవరినీ ముట్టుకోనివ్వకుండా మోసుకు తిరిగిన గుడారంలో ఆ మాట ఏనాడూ లేదు. ఏరు తీసుకుపోయిందీ లేదు. అతను నోరు తెరిచి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నిద్రపోయానని విసుక్కుందా అమ్మా?"

"లేదు. ఈయనకు దుప్పటి కప్పేటప్పుడు నేను ఎలా అంటానో, అలాగే అంది."

"తాడు తెమ్మన్నారు, తెచ్చాను. బండేదీ?" అన్నాడు ట్రాక్టరాయన, ఏటిని చూస్తూ.

"బండి పోయింది. ఈవిణ్ణి ఎక్కించు, ఆస్పత్రికి పోవాలి."

ఇద్దరూ కలిసి ఆవిణ్ణి ట్రాలీలో పడుకోబెట్టారు. డ్రైవరు పక్కన కూర్చుని ఎండ తగలకుండా తన తువ్వాలు పట్టాడు. ట్రాక్టరు కదిలింది.

"ఇంకొక్కసారి అనమ్మా," అన్నాడు.

"సరేలెండి," అంది ఆవిడ, "పొద్దున చెప్తాను."