యజమాని సంతకం

రాత్రి మిగిలిన అన్నంలో ఇంత మజ్జిగ పోసి గిన్నె పెడితే మా కుక్క పోరి లేవలేదు. మా ఇంట్లో గిన్నె చప్పుడుకు అందరికంటే ముందు లేచేది అదే. గోడ పక్కన గోనెబస్తా మీద ఒరిగి, నడుము బిగబట్టి ముక్కుతోంది. చీకటితోనే నొప్పులు మొదలైనట్టున్నాయి. నేను పొయ్యి ముట్టించి, ఇద్దరు కొడుకుల బాక్సులు కట్టి, మా ఆయన వేణు చొక్కా ఇస్త్రీ చేసి, మా అత్త గట్టమ్మకు బీపీ గోలీ ఇచ్చి, మధ్యమధ్యలో వెళ్లి చూస్తూనే ఉన్నాను. తొమ్మిదైంది. వేణు దుకాణానికి పోయాడు, పిల్లలు బడికి పోయారు. పోరి కడుపులోంచి ఒక్క పిల్ల కూడా బయటికి రాలేదు. బస్తా మీద మాత్రం ఆకుపచ్చటి తడి కనిపించింది.

"కుక్కకు గూడ ఆశా వర్కరే గావాల్నా? అదే ఈనుతది తియ్యి," అంది అత్త, చాయ్ గ్లాసు కింద పెడుతూ.

గూడూరు మండలంలో తొమ్మిదేళ్లుగా ఆశా కార్యకర్తను నేను. నా పేరు సరోజన. ఎన్ని కాన్పులకు ఆటో ఎక్కానో లెక్క రాసుకున్న పుస్తకాలే ఆరున్నాయి. ఆ రంగు తడి చూశాక ఇంట్లో కూర్చోగూడదని నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పోరిని తెచ్చి రెండేళ్లయింది. సర్వేకు పోయిన ఊళ్లో ఒక ఇంటి వెనక ఐదు పిల్లలుండేవి. నాలుగు మగవి, ఆ నాలుగింటినీ ఎవరెవరో పట్టుకుపోయారు. ఇదొక్కటీ తల్లి కూడా పట్టించుకోనట్టు వానలో తడుస్తుంటే రిజిస్టర్ల సంచిలో వేసుకొచ్చాను. "తెస్తె తెచ్చినవు, పోరి కుక్కనే దొరికిందా నీకు?" అన్నాడు వేణు. ఆ మాటే దానికి పేరైపోయింది. మా ఇంట్లో పిలిస్తే పలికే ఆడపిల్ల అదొక్కతే.

మండలంలోని పశువుల దవాఖానకు ఎత్తుకుపోతే డాక్టరు గొర్రెల టీకాలకని ఊళ్ల మీదికి పోయాడన్నారు. అక్కడున్నాయన కడుపు నొక్కి చూశాడు. సూదైతే వేస్తాను గానీ కోత నాతో కాదు, ఆలస్యం చెయ్యకుండా జిల్లా కేంద్రం మానుకోటకు తీసుకుపొమ్మన్నాడు. అక్తర్‌కు ఫోన్ చేశాను. నా గర్భిణులందరినీ మోసే ఆటో అతనిది. కాన్పు కష్టమైంది, జల్దీ రమ్మంటే "ఎవలింట్ల అక్కా?" అన్నాడు. మా ఇంట్లనే అన్నాను. వచ్చి పోరిని చూశాడు. వాళ్ల మతంలో కుక్క తగిలితే కడుక్కోవాలని నాకు తెలుసు. సీటు కింద నుంచి పట్టా తీసి పరిచి, "నేను పోయినంక కడుక్కుంట గని నువ్వు కూసో," అన్నాడంతే. గుంతలొచ్చిన చోటల్లా, లోపల నిండు చూలాలు ఉన్నప్పుడు ఎట్లా నడుపుతాడో అట్లాగే నడిపాడు.

మానుకోట రైల్వే స్టేషన్ అవతలి గల్లీలో ఉంది ఆ చిన్న ప్రైవేటు పశువుల దవాఖాన. బెంచీ మీద ఒకాయన ఒళ్లో పిల్లి బుట్ట పెట్టుకుని, బిల్లు కాగితాన్ని రెండువైపులా తిప్పి చూస్తున్నాడు. డాక్టర్ అమ్రీన్ చిన్న వయసు పిల్ల. పోరి కడుపు మీద స్కాన్ మిషన్ పెట్టి అటూ ఇటూ జరిపి చూసింది. తర్వాత చెప్పింది. ఒక పిల్ల అడ్డం తిరిగి ఇరుక్కుంది, దాని వెనక ఇంకో రెండున్నాయి, కోసి తియ్యాలి, తొమ్మిది వేలవుతుంది. ఇంకా ఆగితే తల్లి కూడా దక్కదు.

నా సంచిలో సరిగ్గా తొమ్మిది వేలున్నాయి. నిన్న బ్యాంకులో తీసినవి. వేణు బండి కిస్తీ కట్టడానికి. డబ్బు నా పారితోషికమే. ఖాతా నాది, పడ్డట్టు మెసేజ్ వచ్చేది మాత్రం ఆయన ఫోన్‌కు. పడిన రోజు ఆయనే చెప్తాడు, "నీ పైసలు పడ్డయి, రేపు తీసుకరా" అని. నాకు జీతం పడ్డ సంగతి నాకు చెప్పినందుకు ఇన్నేళ్లూ నేను మురిసిపోయానంటే నవ్వుతారు. నిజంగానే మురిసిపోయాను.

కాంపౌండర్ రాజలింగు కాగితం తెచ్చాడు. "యజమాని పేరు?" అన్నాడు. వేణు అని చెప్పాను. రాసుకున్నాడు. "యజమాని రాలేదా?" అన్నాడు. ఎరువుల దుకాణంలో పనికి పోయిండని చెప్పాను. "ఆపరేషన్‌కు యజమాని సంతకం గావాలమ్మా. పిలిపియ్యి మరి." సరే అన్నాను. నాకందులో వింతేమీ తోచలేదు. తొమ్మిదేళ్లుగా ఏ దవాఖానలోనైనా ఆ మాట ముందు అనేది నేనే కదా. మీ ఆయన ఏడి, సంతకం పెట్టాలె, పిలువుండ్రి. నొప్పులతో గోడ పట్టుకుని నిలబడ్డ మనిషిని పక్కకు జరిపి, బీడీ తాగడానికి పోయిన మొగుణ్ని వెతుక్కుంటూ గేటు దాకా పరిగెత్తినదాన్ని.

వేణుకు ఫోన్ చేశాను. ఎంతనట అన్నాడు ముందు. చెప్పాను. పక్కన ఎవరికో యూరియా బస్తాలు లెక్కపెట్టిస్తున్న గొంతు వినిపించింది.

"మనుషులకే దిక్కు లేదు, కుక్కకు తొమ్మిది వేలా? గవి కిస్తీ పైసలు, ముట్టకు. నేనొచ్చి చూస్త. సేటు లేడు, ఆయన రాంగనే వస్త."

వస్తానన్నాడు కదా అని కూర్చున్నాను. తిట్టలేదు, వద్దని తెగేసి చెప్పలేదు, వస్తానన్నాడు. మంచివాడే అనుకున్నాను కూడా. నా అలవాటు అది. పోరి తల నా తొడ మీద పెట్టుకుంది. ముక్కడం కూడా తగ్గిపోయింది. నొప్పులు తగ్గితే అమాయకులు సంతోషిస్తారు. కానీ పిల్ల రాకుండా నొప్పులు ఆగిపోవడం ప్రమాదమని నాకు తెలుసు. గోడ గడియారంలో నలభై నిమిషాలు గడిచాయి.

డాక్టరమ్మ బయటికొచ్చి, ఇంకా సంతకం ఎందుకు కాలేదని రాజలింగును అడిగింది. అతను నా వైపు చూపించాడు. మా యజమాని బయలుదేరుతున్నాడు అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. కాగితం చేతిలోకి తీసుకుని చదివింది. అప్పుడర్థమైంది.

"మీ యజమాని ఎందుకమ్మా నాకు? కుక్క యజమాని ఎవరో చెప్పుండ్రి. దానికి అన్నం ఎవరు పెడుతరు?"

"నేనే."

"సూదులు ఎవరు ఏయించిండ్రు?"

"నేనే."

"మరి మీరే గదా."

రాజలింగు గొణిగాడు, ఆమెనే వేణు అని చెప్పింది మేడమ్ అని. అతని తప్పేముంది. నేనే చెప్పాను. యజమాని అంటే నాకు నా మొగుడే గుర్తొచ్చాడు. గేటుకున్న కుక్కదీ, గేటు లోపలున్న నాదీ ఒకే యజమాని అని అంత తేలిగ్గా నా నోటితో నేనే రాయించాను. వేణు పేరు కొట్టేసి సరోజన అని రాసి సంతకం పెట్టాను. సంచిలోని డబ్బు తీసి బల్ల మీద పెట్టాను.

ఇంకొక సంతకం ఉందంది డాక్టరమ్మ. లోపల గర్భసంచి పాడైనట్టుంది, కోశాక చూసి తీసెయ్యాల్సి రావచ్చు, తీస్తే ఇక పిల్లలు పుట్టవు, ఉంచితే ప్రాణం మీదికొస్తుంది. "మీరు ఒప్పుకుంటెనే," అంది.

పెన్ను పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది.

పదకొండేళ్ల కింద నా చిన్న కొడుకు కడుపు కోసే పుట్టాడు. మూడో రోజు కుట్లు చూడటానికొచ్చిన నర్సమ్మ, ట్యూబులు గూడ అయిపోయినయి గదా, ఇగ నీకు పరేషాన్ లేదు అంది. ఏ ట్యూబులు అన్నాను. అత్త పక్కనే బత్తాయి వలుస్తోంది. "ఎట్లాగు కోసిండ్రు గదా, గది గూడ చేసెయ్యుమన్నం. మల్లొకసారి పండవెట్టుడు ఎందుకు?" అంది. కాగితం మీద వేణు సంతకం ఉంది. ఇద్దరు మగపిల్లలు, చాలనుకున్నారు. అడిగి ఉంటే నేనూ సరే అనేదాన్నేమో. ఆడపిల్ల కావాలని నాకున్నా, సరే అనేదాన్ని. అడగలేదు. నేను కూడా ఏమీ అనలేదు. ఆ బత్తాయి తొనలు తిన్నాను. ఆ తర్వాత ఆశా వర్కర్‌నై, ఊళ్లో ఆడవాళ్లందరికీ అదే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ గురించి చెప్తూ తిరిగాను.

డాక్టరమ్మను ఒక్క నిమిషం ఆగమన్నాను. కింద కూర్చుని పోరి చెవి దగ్గర నోరు పెట్టాను. చూడు బిడ్డా, లోపల పాడైందంట, తీసెయ్యాలంట, మళ్లీ పిల్లలు పుట్టవంట, కానీ నువ్వుంటవు. నువ్వుండాలని నాకుంది. ఇట్లా చెప్పాను. పిల్లి బుట్ట పెట్టుకున్నాయన చూస్తున్నాడు. చూడనీ అనుకున్నాను. పోరి కళ్లు తెరిచి నన్ను చూసింది, నాలుక చాచి నా మణికట్టు నాకింది. దానికేం అర్థమైందో నాకు తెలియదు. చెప్పడమైతే చెప్పాను. లేచి సంతకం పెట్టాను.

గంటంబావు పట్టింది. అడ్డం తిరిగిన పిల్ల చచ్చిపోయే వచ్చింది. మిగతా రెండూ కుయ్యోమన్నాయి, రెండూ ఆడవే. గర్భసంచి తీసేశారు. నేను కూర్చున్న నలభై నిమిషాల వల్లే ఆ పిల్ల పోయిందా అని అడిగాను. ముందే పోయి ఉండొచ్చు అంది డాక్టరమ్మ, నా కళ్లలోకి చూడకుండా. ఉండొచ్చు అనే మాట మేమూ ఇళ్లల్లో చెప్తుంటాం. దాని బరువు నాకు తెలుసు. దాన్ని మోయాల్సింది నేనే.

వేణు నాలుగింటికి వచ్చాడు. పోరి మత్తులో పడుకుని ఉంది. డాక్టరమ్మ రెండు పిల్లలనూ దాని పొట్ట దగ్గర పెట్టింది, అవి కళ్లు మూసుకునే పాలు వెతుక్కుంటున్నాయి. వేణు వాటిని చూశాడు, బల్ల మీదున్న కాగితం చూశాడు, అందులో కొట్టేసిన తన పేరు చూశాడు. అరవలేదు. ఆయన అరిచే మనిషి కాదు, అది ఎప్పుడూ నేను ఒప్పుకుంటాను.

"కిస్తీ ఎట్ల?" అన్నాడు.

"నా పైసలు. వచ్చే నెల చూద్దాం."

"నేను వస్తనన్న గదా. ఎవర్నడిగి పెట్టినవ్ సంతకం?"

"దాన్నడిగిన."

ఆయన నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగాడు.

"కుక్కనా?"

"ఆఁ. చెవుల చెప్పిన. నువ్వు నాకు గా మాటన్న చెప్పలే గదా ఆ దినం."

"ఏ దినం?" అన్నాడు.

బుకాయింపేమో అని ఆయన కళ్లలోకి చూశాను. కాదు. ఏ సందేహమూ లేకుండా, నిజంగానే ఆయనకు గుర్తు లేదు. పదకొండేళ్లుగా రోజూ స్నానం చేసేటప్పుడు నా చేతికి తగిలే ఆ కుట్ల గీత ఆయన తలలో ఎక్కడా లేదు.

బెంచీ మీద నా సంచి తీసి ఒళ్లో పెట్టుకుని ఆయనకు జాగా చేశాను.

"కూసో," అన్నాను. "చెప్త."