నడిసముద్రంలో లంగరు

ఓడదొంగల సినిమాకి అక్కను వెంటబెట్టుకుని సరదాగా వెళ్ళిన రచయిత్రికి విరామం రాకముందే ముచ్చెమటలు పోశాయి. తెర మీద దొంగల నాయకురాలిని శత్రువుల ఓడలు తరుముకొస్తున్నాయి. ఆ నాయకురాలు నడిసముద్రంలో లంగరు దించమంది. ఓడ ఠక్కున ఆగింది. తరిమేవాళ్ళు ఆగలేక ముందుకు దూసుకుపోయారు. హాలంతా ఈలలు. చూస్తున్న ఈమెకు మాత్రం గుండె గుభేలుమంది, ఎందుకంటే ఆ ఘట్టం తను రాసిందే.

రాసింది సినిమాకి కాదు, కంప్యూటర్ గేముకి. చిన్న కంపెనీ, ఏళ్ళ తరబడి చాకిరీ, వచ్చే నెలే విడుదల. ఆఖరి అంకమంతా ఆ లంగరు మీదే నడుస్తుంది. నిజానికి నడిసముద్రంలో లంగరు అడుగుకి అందదు. గేములో తప్పులు పట్టే ఆయన ఆ సంగతి నెత్తీనోరూ కొట్టుకుని చెప్పినా ఆమె వినలేదు. ముద్దొచ్చే తప్పు, ఉండనీ అంది. ఇప్పుడదే మెడకు చుట్టుకుంది. ఒకే ఒప్పు ఇద్దరికి తోచవచ్చు గాని, ఒకే తప్పు ఇద్దరికీ ఎలా తోస్తుంది? సినిమా ముందొచ్చింది కాబట్టి లోకం దృష్టిలో దొంగ ఆమే.

మర్నాడు సంగతి చెబితే కంపెనీ యజమాని కేకలు వెయ్యలేదు, అది ఇంకా భయం. ఆ ఘట్టం అసలు ఎవరిదో తేల్చి, వాళ్ళ ఒప్పుదల తెమ్మన్నాడు. తేకపోతే గేము ఆపేస్తానన్నాడు. ఆపేస్తే ఆమెతో పాటు ఆ కంపెనీలో పనిచేసే వాళ్ళంతా వీధిన పడతారు.

అక్కే గుర్తుచేసింది, చిన్నప్పుడు ఇద్దరూ దుప్పట్లో దూరి చదివిన ఓడదొంగల నవల సంగతి. పాత పుస్తకాల కొట్లో వెతికితే దొరికింది. లంగరు అందులోనే ఉంది, నడిసముద్రంలో, తప్పుతో సహా. ఇన్నాళ్ళూ సొంత ఊహ అనుకుని మురిసిపోయింది కాస్తా ఇంకొకరి సొత్తని తేలేసరికి ఆమెకు తల కొట్టేసినట్టయింది. సినిమా రచయితకు ఫోన్ చేస్తే, అతను తానూ ఆ నవల చదివే పెరిగానని ఒప్పుకున్నాడు. దొంగలిద్దరూ కలిసి అసలు మనిషి దగ్గరికి బయల్దేరారు.

ఆ నవల రాసిన ముసలాయన దర్జీ కొట్టు పైన ఒంటిగదిలో ఉంటాడు. చెప్పిందంతా విని, కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు. తానసలు సముద్రం ముఖమే ఎరగడట. చిన్నతనంలో ఆయన అక్క ఓడదొంగల సినిమా ఏదో చూసొచ్చి, పెరట్లో సుద్దతో సముద్రం గీసి, పిల్లలందరి చేతా తరుముడాట ఆడించేదట. లంగరు వేశానని అరిచినవాణ్ణి ఇక ఎవరూ ముట్టుకోకూడదు. ఆ ఆటనే ఆయన పెద్దయ్యాక నవల చేశాడు.

"సినిమా ఆటయింది, ఆట నవలయింది, ఆ నవలే మళ్ళీ మీ సినిమా, మీ ఆటా అయింది. మధ్యలో నన్నొక్కణ్ణి అడిగితే ఏం లాభం? మా అక్క సరేనంటే రాసిస్తాను," అని ఫోన్ అందుకుని, అందరికీ వినబడేలా పెట్టాడు.

అవతలి గొంతు సన్నగా ఉన్నా మాట మాత్రం గట్టిది. తమ్ముడు చెప్పుకొస్తుంటే ఊఁ కొడుతూ వింది. గేము రాసినామె ఫోన్ దగ్గరికి జరిగింది. ఈ పెద్దావిడ కాదంటే అంతే సంగతులు.

"ఓడలూ దొంగలూ సినిమాలోవేరా. లంగరు మాత్రం అందులో లేదు, అది నేను పెట్టిందే," అంది చివరికి. "నువ్వు అందరికన్నా చిన్నవాడివి. నాలుగడుగులైనా వెయ్యకుండానే దొరికిపోయి ఏడ్చేవాడివి. నిన్నెవరూ పట్టుకోకూడదని పెట్టాను. వాళ్ళకీ పనికొస్తుందంటే వాడుకోనీ."

పోయిన ప్రాణం లేచొచ్చింది గేము రాసినామెకు. గుండెల మీది కుంపటి ఎవరో దించినట్టయి, కొత్తవాళ్ళ ముందన్న సిగ్గు కూడా లేకుండా ఏడ్చేసింది, ఏడుస్తూనే నవ్వింది. పక్కన సినిమా రచయిత కూడా కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అనుకున్నాడు.

ముసలాయన మాత్రం ఫోన్ పెట్టెయ్యలేదు.

"ఆ ఆటలన్నీ నేనే గెలిచాననుకున్నానే అక్కా, ఇన్నేళ్ళూ," అన్నాడు.

"అలా అనుకోవాలనే కదరా," అంది ఆవిడ.