ఇరవై మీటర్లు

సెప్టెంబర్ 11, గురువారం, ఉదయం 7:25. స్కాట్లాండ్ ఉత్తరాన, టంగ్ అనే ఊరికి పదకొండు మైళ్ల ఇవతల, ఒక వాగు మధ్యలో జీపు ఆగిపోయింది. అందులో ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు. ఎవరికీ దెబ్బలు తగలలేదు.

నడుపుతున్నది పద్మిని. వయసు అరవై తొమ్మిది. లీసెస్టర్‌లో ముప్పై ఒక్క సంవత్సరాలు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరైంది. పక్కన కూర్చున్నది సులోచన. నార్తాంప్టన్‌లో ఉంటుంది, కంటి డాక్టరు, ఆమె కూడా రిటైరైంది. గుంటూరు మెడికల్ కాలేజీలో పీజీ చదివేటప్పుడు హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది. జీపు 1996లో తయారైంది. అది ఏ కంపెనీ బండి అయినా పద్మిని ఇంట్లో మొదటి నుంచీ జీపనే పిలిచారు. భర్త యజ్ఞనారాయణ ఉన్నన్నాళ్లూ ఇద్దరూ ఏటా సెప్టెంబర్‌లో దాన్ని ఉత్తరానికి తీసుకొచ్చి డేరా వేసుకునేవారు. ఆయన 2019లో పోయాడు. ఆ తర్వాత కూడా ఆమె ఒక్క సెప్టెంబరూ మానలేదు.

వాగు దాటే ముందు పద్మిని దిగి, కర్ర పట్టుకుని నీళ్లలో సగం దూరం నడిచి చూసింది. మోకాలికి కాస్త కింద వరకు వచ్చాయి. గట్టు మీద పాతిన కొలత పలక అడుగున్నర చూపిస్తోంది. తిరిగొచ్చి మొదటి గేరు వేసింది. సగం దాటాక ఇంజిన్ ఆగింది.

“నీళ్లు లోపలికొస్తున్నాయే!” అంది సులోచన, కాళ్లు పైకి ముడుచుకుంటూ.

“రానీ. కింద కన్నాలున్నాయి. వచ్చిన దారినే పోతాయి.”

“నేను కూడా వచ్చిన దారినే పోతానే. నార్తాంప్టన్‌లో మా ఆయన ఈపాటికి టోస్ట్ తింటూ ఉంటాడు.”

“ఆయన నిన్ను పంపించిందే ప్రశాంతంగా టోస్ట్ తినడానికి. ఆ డబ్బాలో టేపుంది, ఇటివ్వు.”

“ఏ టేపు? కొలిచేదా, అంటించేదా?”

“అంటించేది.”

పద్మిని రబ్బరు బూట్లతో నీళ్లలోకి దిగి బానెట్ ఎత్తింది. డీజిల్ పంపు మీదికి ఒక సన్నని వైరు వెళ్తుంది. అది ఊడితే డీజిల్ అందదు, ఇంజిన్ ఆగిపోతుంది. ఆ బండికి అది మూడోసారి ఊడడం. ఆమె వైరు కొసను గోళ్ల ఆకురాయితో గీకి, దాని చోట్లో గుచ్చి, ఆపరేషన్ థియేటర్లో వాడే తెల్ల టేపు నాలుగు చుట్లు చుట్టింది.

“పేషెంటు లేస్తాడా?” అని అరిచింది సులోచన.

“నా పేషెంట్లందరూ లేచారు. నీ వాళ్లకే కట్లు విప్పేదాకా అనుమానం.”

8:10కి జీపు అవతలి గట్టెక్కింది. గట్టు మీద గ్యాస్ స్టవ్ వెలిగించి ఉప్మా పెట్టారు.

ఆ వాగు దగ్గర వాళ్ల ఫోన్లకు సిగ్నల్ లేదు. జీపులోంచి మాత్రం ఇంకొకటి ఉపగ్రహానికి సిగ్నల్ పంపుతూనే ఉంది. దాని సంగతి పద్మినికి తెలియదు.

గ్లవ్ బాక్సులో ఒక ఫారం ఉంది. బ్రిటన్‌లో డెబ్బై ఏళ్లు నిండిన రోజున డ్రైవింగ్ లైసెన్సు గడువు ముగుస్తుంది. కావాలంటే ఫారం నింపి, నా కళ్లు సరిగా ఉన్నాయని సంతకం చేసి పంపాలి. ఇరవై మీటర్ల దూరం నుంచి బండి నంబరు చదవగలగాలన్నది నియమం. పద్మినికి అక్టోబర్ 3న డెబ్బై నిండుతాయి. ఫారం జూలైలో వచ్చింది. అన్ని గళ్లూ నింపింది. సంతకం పెట్టలేదు.

జూన్‌లో ఆమె కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. ఎడమకంట్లో మరొకటి మొదలైంది. అంతకు ముందు, మే నెలలో, జీపును వెనక్కి తీస్తూ కౌన్సిల్ వాళ్ల చెత్తడబ్బాను గుద్దింది. కొడుకు భానుప్రకాష్ ఆ ఆదివారమే వాట్‌ఫర్డ్ నుంచి వచ్చి డబ్బా చూశాడు, జీపు చూశాడు, తల్లిని జీపు అమ్మెయ్యమన్నాడు. అతనికి నలభై ఒక్క ఏళ్లు. లీసెస్టర్‌లోనే పుట్టాడు.

ఉప్మా తింటూ సులోచన ఆ ఫారం ఊసెత్తింది.

“సంతకం పెట్టావా?”

“పెడతా.”

“జూలై నుంచి పెడుతున్నావు.”

“చూసుకోనిది ఎలా పెడతానే? థియేటర్లో సిలిండర్ నేను చూడకుండా ఏనాడైనా సంతకం పెట్టానా?”

“మరి చూసుకోవచ్చుగా. లీసెస్టర్ మొత్తంలో నీకు ఇరవై మీటర్లు దొరకలేదటే?”

పద్మిని మామిడికాయ పచ్చడి సీసా మూత బిగించింది.

9:35కి ఉత్తరం నుంచి పోలీసు కారు వచ్చి రోడ్డు పక్కన ఆగింది. అందులోంచి దిగిన కానిస్టేబుల్ పేరు మెకై. ముప్పై ఏళ్ల మనిషి. పక్క లోయలోనే ఆమె తండ్రికి గొర్రెలున్నాయని తర్వాత మాటల్లో చెప్పింది. అప్పటికి సన్నగా జల్లు పడుతోంది. ఇకపై ఆమెతో జరిగిన మాటలన్నీ ఇంగ్లీషులోనే.

“మీలో పద్మిని ఎవరు మేడమ్?”

“నేనే.”

“మీ బండి నదిలో ఉందని మాకు ఫోన్ వచ్చింది.”

“ఉండేది. ఇప్పుడు లేదు. ఎవరు చేశారు ఫోను?”

“మీ అబ్బాయి. ఉదయం ఏడు యాభై రెండుకి. బండిలో ట్రాకర్ ఉందట. ఫోన్ మ్యాపులో దాని చుక్క అరగంటగా నీళ్లలోనే ఉందని చెప్పారు.” కానిస్టేబుల్ నోట్‌బుక్ చూసుకుంది. “మీకు కళ్లు సరిగా కనపడవని కూడా చెప్పారు.”

“ఏ ట్రాకర్?” అంది పద్మిని.

కానిస్టేబుల్ సులోచన వైపు చూసింది. పద్మిని కూడా అటే చూసింది. సులోచన గిన్నె కింద పెట్టింది.

“సీటు కిందుంది,” అంది తెలుగులో. “అయస్కాంతంతో అతుక్కుంటుంది. సోమవారం నువ్వు సామాన్లు సర్దుతుంటే నేనే పెట్టాను.”

“నువ్వా?”

“నీ కొడుకు ఫోన్ చేసి ఏడ్చాడే. ఆంటీ, మీరు చెబితే వింటుంది, మీరు ఐ డాక్టర్ కదా అన్నాడు. నాకూ భయమేసింది. ఆ చెత్తడబ్బా ఫోటో నాకు కూడా పంపాడు.”

“నలభై ఏడేళ్ల స్నేహం. ఒక చెత్తడబ్బాకి అమ్మేశావు.”

“అమ్మలేదే. నీకు కనపడకపోతే నేనే చెబుతానని మాటిచ్చాను. అంతే.”

“నాతో వచ్చింది కొండలు చూడ్డానికనుకున్నా. నన్ను చూడ్డానికా!”

కానిస్టేబుల్ ఇద్దరూ ఆగేదాకా ఆగింది. తర్వాత విషయం చెప్పింది. ఇలాంటి ఫిర్యాదు వచ్చినప్పుడు రోడ్డు పక్కనే కంటి పరీక్ష అడిగే అధికారం పోలీసులకుంది. చదవలేకపోతే ఆ కబురు వెంటనే లైసెన్సు ఆఫీసుకు వెళ్తుంది. లైసెన్సు రద్దు కావచ్చు. జీపు ఇక్కడి నుంచి వేరేవాళ్లు తీసుకెళ్లాలి.

“ఇప్పుడే?” అంది సులోచన. “ఈ వానలోనా?”

“ఇప్పుడే,” అంది పద్మిని. “వానలో నడపనా ఏంటి నేను? అద్దాలు పెట్టుకోవాలా వద్దా?”

“మామూలుగా నడిపేటప్పుడు ఎలా ఉంటారో అలాగే.”

“ఆపరేషన్ తర్వాత అద్దాలు లేకుండానే నడుపుతున్నాను.”

కానిస్టేబుల్ తన కారు నంబరు ప్లేటు దగ్గర మొదలుపెట్టి రోడ్డు మీద ఇరవై అంగలు వేసింది. బూటు మడమతో గీత గీసింది. ఇక్కడ నిలబడండి అంది.

పద్మిని కదల్లేదు.

“మీ అంగ మీటరుంటుందని ఎవరు చెప్పారు?”

“సుమారుగా ఉంటుంది మేడమ్.”

“సుమారుగా చదివితే ఒప్పుకుంటారా మీరు?” పద్మిని జీపు వెనక డబ్బాలోంచి అయిదు మీటర్ల కొలటేపు తీసి సులోచన చేతికిచ్చింది. “కొలువు. వాడికి మాటిచ్చావుగా. నా కోసం ఒక్క అంగుళం తగ్గించావో, గుంటూరు దాకా చెబుతా.”

సులోచన వంగలేక వంగి, టేపు నాలుగుసార్లు పరిచింది. పరిచిన ప్రతిసారీ కొస దగ్గర ఒక గులకరాయి పెట్టింది. నాలుగో రాయి కానిస్టేబుల్ గీత దాటి పడింది. గీత నుంచి రాయికి మళ్లీ కొలిచారు. రెండు మీటర్ల నలభై సెంటీమీటర్లు.

“నోరు మూసుకుని అక్కడే నిలబడి చదవొచ్చుగా!” అంది సులోచన నడుం పట్టుకుని. “నీకు కలిసొచ్చేది కూడా నువ్వే పోగొట్టుకుంటావు.”

“పదిహేడున్నర మీటర్లకి లైసెన్సు ఇవ్వరు.”

ఆమె వెనక్కి నడిచి నాలుగో రాయి దగ్గర నిలబడింది. జాకెట్ జేబులో చేతులు పెట్టుకుంది.

“ఎస్, వై, రెండు, ఒకటి, కె, జె.” ఆగింది. జల్లు ముఖాన కొడుతోంది. చేత్తో కళ్లు తుడుచుకుంది. “బి.”

“కరెక్ట్,” అంది కానిస్టేబుల్.

“ఆగండి,” అంది పద్మిని. “ఆఖరిది నాకు మొదట ఎనిమిదిలా కనపడింది. అక్కడ అంకె ఉండదని తెలుసు కాబట్టి బి అన్నాను. చూసి చెప్పింది కాదు. ఇంకో బండి చూపించండి.”

“మేడమ్, మీరు పాసయ్యారు.”

“మీ లెక్కలో.”

సులోచన నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. “దీనికి పెళ్లి చూపుల్లో కూడా ఇదే జబ్బు. ఆయన సరేనన్నాక, ఇంకోసారి ఆలోచించుకోండి అంది.”

ఇంకో బండి అక్కడ లేదు. జీపు నంబరు పద్మినికి కంఠతా వచ్చు. ఆ రోడ్డు మీద గంటకు రెండు బండ్లు వస్తే ఎక్కువ. కానిస్టేబుల్ వాచీ చూసుకుని, పోస్టు వ్యాన్ పది లోపు వస్తుందని చెప్పింది. ముగ్గురూ జీపు పక్కన వేసిన పరదా కింద నిలబడ్డారు. సులోచన కానిస్టేబుల్‌కి ఉప్మా పెట్టింది. ఆమె పచ్చడి కూడా వేసుకుని, నీళ్లడిగింది.

ఆ పావుగంటలో సులోచన పద్మినితో ఒకే మాట అంది. “ఎడమకన్ను మూసుకుని చూడకు. రెండూ తెరిచే చూడు. నీకు భయమేసినప్పుడు ఒక కన్ను చికిలిస్తావు.”

“నాకు భయమని ఎవరన్నారు?”

“నలభై ఏడేళ్లన్నాయి.”

9:58కి పోస్టు వ్యాన్ వచ్చింది. కానిస్టేబుల్ చెయ్యెత్తి ఆపింది. సులోచన వ్యాన్ ముందు నుంచి మళ్లీ నాలుగుసార్లు టేపు పరిచింది. అంతసేపూ పద్మిని వాగు వైపు తిరిగి నిలబడింది. వ్యాన్ డ్రైవరు కిటికీ దించి, ఏమైనా ప్రమాదమా అని అడిగాడు. పరీక్ష అని కానిస్టేబుల్ చెప్పింది. ఎవరికి అన్నాడతను.

పద్మిని తిరిగింది. రెండు కళ్లూ తెరిచే ఉన్నాయి.

“డి, ఎక్స్, ఏడు, మూడు, వి, హెచ్, ఎన్. కింద ప్లేటు అమ్మిన దుకాణం పేరుంది. అది చదవలేను.”

“అది నేను ఇక్కణ్నుంచి కూడా చదవలేను,” అంది కానిస్టేబుల్. ఆమె నోట్‌బుక్‌లో రెండు నంబర్లూ, దూరమూ, టైమూ రాసుకుంది. తదుపరి చర్య అవసరం లేదని రాసి చూపించింది. సీసాలో మిగిలిన పచ్చడి ఇస్తే తీసుకోలేదు. నియమాలు ఒప్పుకోవంది.

పోలీసు కారు వెళ్లిపోయాక పద్మిని ఫారం బానెట్ మీద పెట్టి సంతకం చేసింది. జల్లుకు రెండు అక్షరాలు అలుక్కున్నాయి. సులోచన గొడుగు పట్టింది.

“ఇక ఆ సీటు కిందది,” అంది పద్మిని. “అంటించింది నువ్వేగా. పీకేది కూడా నువ్వే.”

సులోచన మోకాళ్ల మీద కూర్చుని సీటు కింద చెయ్యి పెట్టి తీసింది. అగ్గిపెట్టంత ఉంది. “ఏం చేద్దాం? వాగులో పడేద్దామా?”

“పరాయి సొమ్ము. ఎవరిది వాళ్లకి పంపాలి.”

టంగ్ ఊరు చేరేసరికి ఫోన్లు మోగడం మొదలైంది. భానుప్రకాష్ తొమ్మిదిసార్లు చేసి ఉన్నాడు. పోస్టాఫీసు ముందు జీపు ఆపి పద్మిని ఫోన్ ఎత్తింది.

“అమ్మా! ఆర్ యూ ఓకే? నువ్వు రివర్‌లో ఉన్నావు!”

“దాటాను.”

“పోలీస్ ఏమన్నారు?”

“కళ్లు బాగున్నాయన్నారు. రాసి కూడా చూపించారు.”

“అమ్మా, ఐ వాజ్ స్కేర్డ్. నాన్న ఉంటే నిన్ను వెళ్లనిచ్చేవాడా?”

“మీ నాన్న ఉంటే పక్కన కూర్చుని మ్యాపు తలకిందులుగా పట్టుకునేవాడు. భానూ, పుట్టేటప్పుడు కూడా నువ్వు ఇలాగే నాకు అడ్డం తిరిగావు. అప్పుడూ నేను ఆగలేదు.”

“వాట్ డస్ దట్ ఈవెన్ మీన్? సులోచన ఆంటీకి ఇవ్వు.”

సులోచన ఫోన్ తీసుకుంది. “నాయనా, నీకిచ్చిన మాట అయిపోయింది. కనపడకపోతే చెబుతానన్నాను. కనపడింది. నాలుగు కాదు, ఎనిమిదిసార్లు నడుం వంచి కొలిచాను.” ఫోన్ తిరిగి ఇచ్చేసింది.

“అమ్మా, ఎప్పుడొస్తున్నావు? జస్ట్ టెల్ మీ దట్.”

“నీ దగ్గర చుక్క ఉందిగా. అదే చూసుకో,” అంది పద్మిని.

పోస్టాఫీసు కౌంటర్ దగ్గర రెండు కవర్లు ఇచ్చారు. ఒకటి లైసెన్సు ఆఫీసుకు. రెండోది వాట్‌ఫర్డ్‌కు. రెండోదాని మీద చిరునామా సులోచన రాసింది. రశీదు మీద సమయం 11:24.

ఆ మధ్యాహ్నం 3:40కి చుక్క టంగ్ నుంచి బయలుదేరింది. రాత్రికి ఇన్వర్‌నెస్‌లో ఉంది. శుక్రవారం దక్షిణానికి దిగింది, లీసెస్టర్ వైపు తిరగకుండా నేరుగా వచ్చింది. అమ్మ మన దగ్గరికే వస్తోందని భానుప్రకాష్ భార్య శ్రీప్రియకు చెప్పాడు. ఆమె ముందుగదిలో మంచం మీద దుప్పట్లు మార్చింది.

శనివారం ఉదయం 11:42కి చుక్క వాట్‌ఫర్డ్‌లో వాళ్ల గుమ్మం ముందు ఆగింది. భానుప్రకాష్ తలుపు తీశాడు. పోస్ట్‌మ్యాన్ కవరు చేతిలో పెట్టాడు.

అదే రోజు 11:50కి టంగ్‌కి పడమరగా, ఉత్తర తీరంలోనే ఉన్న దర్నెస్ అనే ఊళ్లో పద్మిని జీపులో ముప్పై ఎనిమిది లీటర్ల డీజిల్ పోయించుకున్నట్టు బిల్లు ఉంది.

కొత్త లైసెన్సు సెప్టెంబర్ 30న లీసెస్టర్‌లోని ఆమె ఇంటికి వచ్చింది. దాని మీద గడువు 2028 అక్టోబర్ 2. ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు.